ఆయిల్ పెయింటింగ్ మొదలుపెడుతున్నా: ఏమేం కొనాలి, వేటికి ఆగాలి?

నీలిగోరింట
అందరికీ నమస్కారం. అక్రిలిక్ కొంత వచ్చు, ఇప్పుడు ఆయిల్‌కి మారదామని ఉంది. ప్రశ్నలన్నీ ఒకేచోట అడిగేస్తున్నా. 12 రంగుల పెట్టె కొనాలా, విడి ట్యూబులా? పెయింట్ల కొట్టులో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), టర్పెంటైన్ లీటరు డబ్బాల్లో చవగ్గా ఉన్నాయి. ఆర్ట్ షాపులో చిన్న సీసాకే బోలెడు చెబుతున్నారు. రెండూ ఒకటేనా? అక్రిలిక్ వేసి పక్కన పడేసిన పాత కాన్వాసులు ఉన్నాయి, వాటిమీదే ఆయిల్ వేయొచ్చా? ఉండేది విజయవాడలో, రెండు గదుల అద్దె ఇల్లు, ఒక బాల్కనీ. వాసన సంగతి కూడా చెప్పండి.

కుంచెకట్ట
పెట్టె వద్దు, విడి ట్యూబులే. పెట్టెలో తెలుపు కూడా మిగతా రంగులంత చిన్న ట్యూబే ఇస్తారు. ఆయిల్‌లో మనం ఖర్చుపెట్టే రంగులో సగానికి దగ్గరగా తెలుపే ఉంటుంది. అది ముందే అయిపోతుంది. పెట్టెతో వచ్చిన రెడీమేడ్ ఆకుపచ్చ, వయొలెట్ మాత్రం మూత తీయకుండానే గట్టిపడతాయి.

మొదటి కొనుగోలు ఇలా పెట్టుకోండి:

టైటానియం వైట్, పెద్ద ట్యూబు
అల్ట్రామెరైన్ బ్లూ (పి.బి. 29)
బర్న్ట్ అంబర్ (పి.బి.ఆర్. 7)
ఎల్లో ఓకర్ (పి.వై. 42 లేదా 43)
లెమన్ ఎల్లో లేదా హన్సా ఎల్లో
ఒక వెచ్చటి ఎరుపు: కాడ్మియం రెడ్, అది ఖరీదనిపిస్తే నాఫ్తాల్ రెడ్
ఒక చల్లటి ఎరుపు: క్వినాక్రిడోన్ (పి.వి. 19)

ఆ కోడ్‌లు ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముందు పెద్దగా రాసిన పేరు కన్నా అదే నమ్మదగింది. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అందులో ఆ అసలు పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) లేదు, దాని ఛాయ వచ్చేలా వేరే పిగ్మెంట్లు కలిపారని అర్థం. అంతమాత్రాన చెడ్డదేం కాదు. కానీ రెండు మూడు పిగ్మెంట్లు ముందే కలిసున్న ట్యూబుని ఇంకో రెండు రంగులతో కలిపితే త్వరగా మురికిగా మారుతుంది. చల్లటి ఎరుపుకి చాలామంది అలిజరిన్ క్రిమ్సన్ చెబుతారు. కోడ్ పి.ఆర్. 83 అయితే వద్దు, పలచగా వేసినచోట వెలుతురుకి వెలిసిపోతుంది.

తెలుపు విషయంలో ఒక జాగ్రత్త. జింక్ వైట్ (పి.డబ్ల్యు. 4) పొర ఆరాక పెళుసుబారి, కొన్నేళ్లకు పగిలి పెచ్చులూడుతుంది. టైటానియం అని అమ్మే కొన్ని ట్యూబుల్లో కూడా జింక్ కలుపుతారు. వెనక పి.డబ్ల్యు. 6 ఒక్కటే ఉన్నది చూసి తీసుకోండి.

నలుపు ఇప్పుడే వద్దు. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపితే చిక్కటి నలుపు వస్తుంది. నీలం పాలు పెంచితే చల్లగా, అంబర్ పెంచితే వెచ్చగా తిప్పుకోవచ్చు.

ఓరుగల్లు_రంగులు
ఏడు ట్యూబులు కూడ ఎక్కువే అన్న. తెలుపు, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, ఐవరీ బ్లాక్, గీ నాలుగు చాలు. స్వీడన్ పెయింటర్ ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద దీన్ని జోర్న్ పాలెట్ అంటరు. ఐవరీ బ్లాక్‌ల తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగు, పక్కన ఎరుపు ఉంటే నీలం లెక్కనే కనిపిస్తది. నలుపుల ఓకర్ కలిపితే ఆలివ్ ఆకుపచ్చ వస్తది. మొహాలు నేర్చుకునేటోళ్లకు ఇంతకన్న మంచిది లేదు. రంగులు తక్కువుంటే మనసు వెలుగునీడల మీద నిలుస్తది.

మన ఒంటిరంగుకి తెలుపు మస్తు తక్కువ పడ్తది. యూట్యూబ్ల చూసి యూరప్ మొహాల కొలతల తెలుపు కలిపితే బూడిద పూసినట్టు అయితది. ముందుగాల ఓకర్, ఎరుపు కలిపి, నలుపుతోని దించి, వెలుగుపడే చోట్లనే తెలుపు ముట్టియ్యాలె.

కుంచెకట్ట
మొహాలకైతే ఒప్పుకుంటా. కానీ వంకాయ ఊదా, పండుమిరప ఎరుపు నీడలు, అరటాకు లేత పచ్చ, ఇవి జోర్న్ పాలెట్‌లో రావు. కొత్తవాళ్లు ఎదురుగా ఉన్న వంకాయ రంగు ఎంతకీ రాకపోతే తప్పు తమ చేతిదనుకుంటారు. ఇంకోటి, ఐవరీ బ్లాక్ నూనె ఎక్కువ తాగే పిగ్మెంట్, నిదానంగా ఆరుతుంది. అడుగు పొరలో దాన్ని మందంగా వేసి పైన త్వరగా ఆరే రంగు వేస్తే పగుళ్లే.

అవిసెపువ్వు
నూనె, టర్పెంటైన్ ప్రశ్నకి వస్తాను. ముందు ఒక సంగతి తెలియాలి. అక్రిలిక్ నీళ్లు ఆవిరై ఆరుతుంది. ఆయిల్‌లో ఏదీ ఆవిరి కాదు. అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌ని పట్టుకుని, అణువులు ఒకదానికొకటి గొలుసులుగా అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఆరేకొద్దీ రంగు బరువు తగ్గదు, కొంత పెరుగుతుంది కూడా. టర్పెంటైన్ మాత్రం ఆవిరవుతుంది, కాబట్టి అది రంగుని పలచన చేస్తుందే తప్ప పట్టి ఉంచదు. ఏం కొనాలో, ఏ వరసలో వేయాలో, ఎక్కడ పాడవుతుందో అన్నీ ఇక్కడి నుంచే తెలుస్తాయి.

పెయింట్ల కొట్టులో దొరికేది ఎక్కువగా ‘డబుల్ బాయిల్డ్’ లిన్సీడ్ ఆయిల్. తలుపులకీ కిటికీలకీ పూయడానికి త్వరగా ఆరాలని అందులో లోహపు డ్రయ్యర్లు కలుపుతారు. బొమ్మలో వాడితే పైపొర ముందే బిగుసుకుంటుంది, లోపల మెత్తగా ఉండిపోతుంది, కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. రంగులు కలుపుకునే చెక్క పాలెట్‌కి పూసుకోవడానికి మాత్రం బ్రహ్మాండం. బొమ్మకి ఆర్టిస్టుల రిఫైన్డ్ లిన్సీడ్ తీసుకోండి, 100 మి.లీ. సీసా చాలాకాలం వస్తుంది. ట్యూబులో నూనె ఎలాగూ ఉంది, మొదటి బొమ్మల్లో విడిగా కలిపేది చుక్కల్లెక్కే.

టర్పెంటైన్ సంగతి వేరు. కొట్టులో ‘టర్పెంటైన్’ అని ఇచ్చేది చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్, ఎం.టి.ఓ. అంటారు. కుంచెలు కడగడానికి అది సరిపోతుంది. రంగులో కలపాలంటే ముందు పరీక్ష చేయండి: తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాటిదాకా వదిలేయండి. మరక లేకుండా పోతే పర్లేదు. జిడ్డు మచ్చ మిగిలితే అందులో కిరోసిన్ లాంటిది ఏదో కలిసింది, బొమ్మ దగ్గరికి రానివ్వకండి.

చిలకపచ్చ
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. కొన్ని కంపెనీలు తెలుపుని కుసుమ నూనెతో నూరతాయని చదివాను. మరి వంటింట్లో కుసుమ నూనె, సూపర్‌మార్కెట్లో ఫ్లాక్స్‌సీడ్ ఆయిల్ వాడకూడదా?

అవిసెపువ్వు
తెలుపుకి, లేత నీలాలకి కుసుమ నూనె వాడటం నిజమే, లిన్సీడ్ కన్నా పసుపెక్కడం తక్కువ. కానీ ఆరే గుణం లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాల వల్ల వస్తుంది. ఇవాళ వంటకి అమ్మే కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లో ఒలీక్ ఆమ్లం ఎక్కువుండే రకాలు బాగా ఉన్నాయి. మూకుడులో అవి త్వరగా పాడవకుండా ఉండటమే అక్కడ సుగుణం, కాన్వాస్ మీద అదే దోషం, అసలు ఆరవు. తినే ఫ్లాక్స్‌సీడ్ ఆయిల్ అవిసె నూనే అయినా, కమరు వాసన రాకుండా అందులో విటమిన్ ఇ వంటివి కలిపే అవకాశం ఉంది, అవి ఆరడాన్ని ఆపుతాయి. వేరుశెనగ, కొబ్బరి, ఆవ, ఆముదం గురించి అడగనే అక్కర్లేదు. అలాంటి నూనె కలిసిన పొర నెలల తరువాత కూడా వేలికి అంటుతుంది. దాన్ని గీకేయడం తప్ప వేరే దారి లేదు.

నీలిగోరింట
బాగా అర్థమైంది. అయితే ‘ఫ్యాట్ ఓవర్ లీన్’ అని అందరూ అంటారు కదా, కొలతల్లో చెబితే ఎలా ఉంటుంది?

అవిసెపువ్వు
అడుగు పొరలో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. నూనె ఎక్కువున్న పొర నిదానంగా ఆరుతుంది, ఆరాక సాగే గుణమూ ఎక్కువే. అది అడుగున పడి పైన బిరుసు పొర వస్తే, అడుగుది ఇంకా కదులుతుంటే పైది చీలుతుంది.

మొదటి పొర: ట్యూబు రంగు నాలుగు పాళ్లకి టర్పెంటైన్ ఒక పాలు మించకుండా. మరీ నీళ్లలా చేస్తే పిగ్మెంట్‌ని పట్టి ఉంచే నూనె చాలక, ఆరాక వేలితో రుద్దితే పొడి రాలుతుంది.
రెండో పొర: ట్యూబు నుంచి వచ్చింది వచ్చినట్టే.
మూడో పొర, అవసరమైతే: చెంచాడు రంగుకి నాలుగైదు చుక్కల లిన్సీడ్. రంగులో పదో వంతు దాటనివ్వకండి. దాటితే ముడతలు, పసుపు.

ఒక్క పూటలో తడిమీద తడి వేసి ముగించేస్తే ఈ గొడవే ఉండదు. మొదటి కొన్ని బొమ్మలు అలాగే చేయడం మేలు.

సాగరతీరం
కాన్వాసుల గురించి. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు. పాత కాన్వాసు మీద అక్రిలిక్ నున్నగా, నిగనిగలాడుతూ ఉంటే మాత్రం ఆయిల్ పట్టు దొరక్క ఊడుతుంది. 220 నంబరు శాండ్ పేపర్‌తో తేలిగ్గా గీరి, తుడిచి, అక్రిలిక్ జెస్సో (రంగుకి ముందు వేసే తెల్లటి అడుగు పూత) రెండు పూతలు వేయండి. పాత బొమ్మలో మందంగా లేచిన గీతలు ఉంటే ఆ కాన్వాసు వదిలేయండి, కొత్త బొమ్మలోంచి అవి ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

కొత్త గుడ్డయినా, బోర్డయినా పద్ధతి ఒకటే. మొదటి జెస్సో పూతలో ఐదో వంతు నీళ్లు, అడ్డంగా. ఆరాక రెండోది నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా. మధ్యమధ్య గరుకు తీయండి. నూనె నేరుగా నూలు గుడ్డకి తగిలితే పోగు కాలక్రమంలో పెళుసై చివికిపోతుంది. జెస్సో పని నూనెని గుడ్డదాకా పోనివ్వకపోవడం కాబట్టి మూడు పూతలకి తగ్గకండి. రెడీమేడ్ కాన్వాసులకి ఒకటో రెండో పూతలే ఉంటాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. వాటికి మీరే ఇంకో పూత వేసుకోవాలి. చివరి పూత తరువాత మూడు రోజులు ఆగి ఆయిల్ మొదలుపెట్టండి. పైకి గంటలో ఆరినట్టున్నా లోపల నీళ్లు ఉంటాయి, వర్షాకాలంలో మరీను.

నేర్చుకునేటప్పుడు కాన్వాసు కన్నా ఎం.డి.ఎఫ్. బోర్డు (చెక్క పీచుని అదిమి చేసిన పలక) మేలు. వడ్రంగి దగ్గర 4 లేక 6 మి.మీ. మందం బోర్డుని 8×10, 10×12 అంగుళాల ముక్కలు కోయించుకుంటే చవక. గుడ్డలా వాతావరణానికి బిగియడం, వదులవడం ఉండదు. ముందూ వెనకా, అంచులకీ జెస్సో వేయాలి, ఒకవైపే వేస్తే వంగుతుంది.

చిలకపచ్చ
జెస్సో బదులు ఫెవికాల్, సుద్దపొడి కలిపి వేస్తారు కదా? గోడలకేసే ఎమల్షన్ ప్రైమర్?

సాగరతీరం
సాధన బోర్డులకి పర్లేదు. ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు, మెత్తగా జల్లించిన సుద్దపొడి రెండు పాళ్లు, తెల్ల అక్రిలిక్ అర పాలు. పొడిని కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వేయకండి, గిన్నెలోనే గడ్డకడుతుంది. ఈ పూత పెళుసు, గుడ్డ మీద వేసి చుట్టచుడితే పగులుతుంది. అందుకే బోర్డుకే పరిమితం చేయండి. అమ్మే బొమ్మకీ, ఎవరికైనా ఇచ్చే బొమ్మకీ వాడకండి.

గోడ ప్రైమర్‌లో పూరక పొడి ఎక్కువ, జిగురు తక్కువ. రంగులోని నూనెని పీల్చేస్తుంది, బొమ్మ మర్నాటికల్లా మచ్చలు మచ్చలుగా వెలవెలబోతుంది.

పాత పుస్తకాల్లో గుడ్డకి ముందుగా పూయమని కుందేలు చర్మపు జిగురు కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఆ జోలికి పోవద్దు. గాలిలో తేమని పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుస్తుంది, పైనున్న రంగు ఆ కదలికకి చీలుతుంది. బూజు కూడా దాని మీదే ముందు లేస్తుంది.

ఓరుగల్లు_రంగులు
కుంచెల ముచ్చట ఎవరు చెప్పలె. పంది వెంట్రుకల బ్రిసిల్ ఫ్లాట్ 4, 8, 12 నంబర్లు ఒక్కొక్కటి. ఫిల్బర్ట్ (కొన గుండ్రంగుండే చదును కుంచె) 6 ఒకటి. సన్న గీతలకు సింథటిక్ రౌండ్ 2 ఒకటి. ఐదు చాలు. వాటర్‌కలర్ మెత్తటి కుంచెలతోని ఆయిల్ ఎయ్యాలంటే రంగు కదలది, కదలాలని టర్పెంటైన్ పోస్తరు, పోస్తే పైన చెప్పిన లెక్క మొత్తం తప్పుతది. చాలామంది గీడనే ఆగమైతరు. కుంచె గట్టిగుంటే రంగుల ఏం కలపకుండనే పనైతది.

పాలెట్‌కు పైసలు పెట్టకుండ్రి. అద్దాల కొట్టుల 5 మి.మీ. అద్దం 12×16 అంగుళాలు కోయించి, అంచులు అరగదీయించుకోండ్రి. కింద బూడిదరంగు కాగితం పెడ్తే రంగుల ముదురు లేతలు సరిగ తెలుస్తయి. తెల్ల పాలెట్ మీద ప్రతి రంగూ ఉన్నదానికన్న ముదురుగ కొడ్తది, బోర్డు మీద పెట్టినంక చప్పగ తేల్తది. ఎండిన రంగుని బ్లేడుతోని గీకేస్తే ఐపాయె. రంగులు కలపనీకి పాలెట్ నైఫ్ ఒకటి, మెడ వంగినది. కుంచెతోని కలిపితే సగం రంగు వెంట్రుకల మొదట్లనే పోతది.

కుంచెకట్ట
కడగడం కూడా చెబుదాం, కుంచెలు పాడయ్యేది అక్కడే. ముందు పాత గుడ్డతో గట్టిగా నొక్కి తుడవండి, రంగు ముప్పాతిక వంతు దాంతోనే పోతుంది. తరువాత మొదటి సీసా టర్పెంటైన్‌లో జాడించి, తుడిచి, రెండో సీసాలో జాడించాలి. చివరికి బట్టల సబ్బు బిళ్ల మీద రుద్ది, అరచేతిలో నురగ తెల్లగా వచ్చేదాకా కడగాలి. చల్లటి నీళ్లే వాడండి, వేణ్నీళ్లకి వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు లోపలి జిగురు వదులుతుంది. వేళ్లతో కొన సర్ది, పడుకోబెట్టి ఆరనివ్వండి. తడి కుంచెని కొన పైకి నిలబెడితే నీళ్లు రేకులోకి దిగి పిడి ఉబ్బి రంగు పెచ్చులూడుతుంది.

టర్పెంటైన్ మురికైందని పారబోయకండి. రాత్రంతా కదపకుండా ఉంచితే పిగ్మెంట్ అడుక్కి దిగుతుంది. పైన తేటని వేరే సీసాలోకి వంచుకుని మళ్లీ వాడండి. అడుగు మడ్డిని సింకులో పోయకుండా, పాత కాగితాల్లోకి పీల్పించి, ఆరుబయట ఆరాక చెత్తలో వేయండి.

డాలస్_గోదావరి
ఒక జాగ్రత్త పెద్దక్షరాల్లో రాయాలి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు. నూనె ఆక్సిజన్ పట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలోంచి ఆ వేడి పోతుంది. ఉండలో పోయే దారి లేక పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. పని కాగానే నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయడమో, బాల్కనీ తీగ మీద విడివిడిగా ఆరేయడమో చేయండి. ఆరి గట్టిపడ్డ గుడ్డతో భయం లేదు.

రెండోది టర్పెంటైన్. సుమారు 35 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి మంట తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది. విజయవాడలో మే నెలలో గదే అంతకన్నా వేడిగా ఉంటుంది. దేవుడి గదిలో దీపం, వంటింటి పొయ్యి ఉన్నవైపు సీసా తెరవకండి. బాల్కనీ తలుపు తీసి, ఫ్యాన్ గాలి మీ వైపు నుంచి బయటికి పోయేలా కూర్చోండి. సీసా మూత కుంచె ముంచినప్పుడే తీయండి. పిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇల్లయితే టర్పెంటైన్ మానేసి వాసనలేని మినరల్ స్పిరిట్‌కి వెళ్లండి. అయితే వాసన లేదంటే ఆవిరి లేదని కాదు, కిటికీ అప్పుడూ తీయాల్సిందే.

ఇక్కడ అమెరికా నుంచి చుట్టాలతో సామాను తెప్పించుకునేవాళ్లకి: ట్యూబు రంగుల్ని చెక్ఇన్ సామానులో పెట్టొచ్చు. టర్పెంటైన్, మినరల్ స్పిరిట్, స్ప్రే వార్నిష్ విమానంలో ఏ సంచిలోనూ కుదరవు. అడిగి వాళ్లని ఇబ్బంది పెట్టకండి.

నీలిగోరింట
టర్పెంటైన్ లాంటి సాల్వెంట్ అసలు లేకుండా చేయలేమా?

డాలస్_గోదావరి
చేయొచ్చు. మొదటి పొరకి పలచన చేసే బదులు, ట్యూబు రంగుని గట్టి బ్రిసిల్‌తో బోర్డు మీద పొడిపొడిగా రుద్దండి, పొర దానంతటదే పలచగా వస్తుంది. లేదంటే అడుగు పొర మొత్తం అక్రిలిక్‌లో వేసేయండి, మీకది వచ్చు కాబట్టి సులువు. కుంచెలు మధ్యలో మార్చాలంటే కుసుమ నూనెలో ముంచి తుడవండి, పని అయ్యాక సబ్బు. ఇందుకు వంటనూనె సరిపోతుంది, కానీ మళ్లీ రంగులో పెట్టేముందు నూనె మొత్తం పోవాలి. నీళ్లతో కడిగే ఆయిల్ రంగులు కూడా ఉన్నాయి, రాయల్ టాలెన్స్ వారి కోబ్రా, విన్సర్ అండ్ న్యూటన్ వారి ఆర్టిసాన్. అవి అసలు ఆయిలే, నూనెని నీళ్లలో కలిసేలా మారుస్తారు. నీళ్లు ఎక్కువైతే రంగు పాలిపోయి బంకగా లాగుతుంది.

కుంచెకట్ట
సామాను అయింది కాబట్టి మొదటి బొమ్మ. ఒక వంకాయ, సగం కోసిన నిమ్మకాయ, ఉతికిన తెల్ల పంచె మడత. ఒకే కిటికీ, ఎడమ నుంచి వెలుతురు, గదిలో లైటు ఆపేయండి. 8×10 అంగుళాల బోర్డు.

ముందురోజే బోర్డుకి బర్న్ట్ అంబర్ పలచగా పూసి గుడ్డతో తుడిచేయండి, పాలు తక్కువైన టీ రంగు మిగలాలి. తెల్ల బోర్డు మీద పెట్టే మొదటి రంగు ఎంత ముదురో కన్నుకి తెలియదు, అందుకే ఇది. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది, అది ఆరడాన్ని తొందరపెడుతుంది, మర్నాటికి పని చేయొచ్చు.

అదే అంబర్‌తో 4వ నంబరు కుంచెతో ఆకారాలు గీయండి. పెన్సిల్ వద్దు, గ్రాఫైట్ లేత రంగుల్లోంచి తరువాత తొంగిచూస్తుంది. కళ్లు సగం మూసి చూస్తే బొమ్మ రెండు ముక్కలవుతుంది: వెలుగు, నీడ. నీడలన్నీ అంబర్‌తో ఒకే పలచటి పూతగా నింపండి. వంకాయ నీడా, దాని కింద గుడ్డ మీద పడే నీడా కలిసిపోతే కలవనివ్వండి.

ఇప్పుడు కుంచె పక్కన పెట్టి నైఫ్ తీసుకోండి. ప్రతి వస్తువుకీ మూడు కుప్పలు: వెలుగు, మధ్యరంగు, నీడ. మొత్తం తొమ్మిది. ఇది విసుగ్గా ఉంటుంది, అయినా మానొద్దు. కుప్పలు ముందే లేకపోతే బోర్డు మీదే కలపడం మొదలవుతుంది, అక్కడే అంతా బురదవుతుంది. వంకాయ మధ్యరంగుకి క్వినాక్రిడోన్, అల్ట్రామెరైన్ సమానం, అంబర్ కాస్త. నిమ్మ నీడకి పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చగా తిరుగుతుంది. దాని బదులు ఓకర్‌లో చిటికెడు అంబర్, క్వినాక్రిడోన్ కొనతో తాకించినంత. గుడ్డ నీడ బూడిదరంగు కాదు, కిటికీ ఆకాశం వల్ల నీలి ఛాయ, వంకాయ పక్కన ఊదా ఛాయ.

నీడలు పలచగా, వెలుగులు మందంగా. వంకాయ మీద మెరుపు చిట్టచివర, ఒక్క తాకుతో, కడిగిన కుంచెతో. అది కూడా వట్టి తెలుపు కాదు, చిటికెడు నీలం. మెరుపు పెట్టాక దాన్ని సర్దకండి. అంచులు అన్నీ ఒకేలా గీసినట్టు ఉంచకుండా, నీడవైపు అంచుని పొడి కుంచెతో ఒక్కసారి తుడిచి కలపండి.

హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగ్‌ల గదిలో బొమ్మల్ని ఎదురుగా కాక పక్క నుంచి, వెలుతురు వాలుగా పడేవైపు నిలబడి చూడండి. రంగు ఎక్కడ లేచి ఉందో, ఎక్కడ గుడ్డ నేత కనిపించేంత పలచగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

చిలకపచ్చ
ఒక బొమ్మ ఉంది, నీడల్లో మెరుపు పోయి తెల్లబారినట్టు మచ్చలు. ఇంకోచోట పైన ఆరింది కానీ నొక్కితే మెత్తగా ఉండి ముడత పడింది. రెండూ ఒకటే జబ్బా?

అవిసెపువ్వు
కాదు, ఒకటి రెండోదానికి పూర్తిగా ఎదురు. మచ్చలంటే నూనె కిందికి దిగిపోయింది: జెస్సో ఎక్కువ పీల్చేది, లేదా టర్పెంటైన్ ఎక్కువ పోశారు. అంబర్ ఉన్నచోట ఇది ఎక్కువగా వస్తుంది. పొర చేతికి అంటకుండా ఆరాక, లిన్సీడ్, టర్పెంటైన్ సమానంగా కలిపి, మెత్తటి నూలు గుడ్డతో ఆ భాగం మీద చాలా పలచగా రుద్దండి. పది నిమిషాల తరువాత వేరే పొడి గుడ్డతో తుడిచేయండి. తుడవకుండా వదిలేస్తే అక్కడ పసుపు తేలుతుంది. అసలు రంగు వెంటనే తిరిగి వస్తుంది, పైన ఇంకో పొర వేయాలన్నా సరిగ్గా పోల్చుకోవచ్చు.

ముడతంటే నూనె ఎక్కువ, మందం ఎక్కువ. పైచర్మం ముందు బిగిసి ఉబ్బింది, లోపలికి గాలి అందలేదు. మందులేదు. నైఫ్‌తో గీకి, ఆరనిచ్చి మళ్లీ వేయాలి. త్వరగా ఆరాలని ఎండలో పెట్టడం, కోబాల్ట్ డ్రయ్యర్ పోయడం ఇంకా పాడు. తొందరే అయితే లిక్విన్ లాంటి ఆల్కిడ్ మీడియం కొద్దిగా కలపొచ్చు, పలచటి పొర దాదాపు మర్నాటికి ఆరుతుంది. కలిపితే ఆ పొర మొత్తానికీ కలపండి, ఒకచోట కలిపి ఒకచోట మానేయకండి.

సాగరతీరం
ఆరబెట్టడం, దాచడం. పలచటి పొర చేతికి ఆరడానికి రంగుని బట్టి రెండు రోజుల నుంచి రెండు వారాలు. అంబర్ ముందు, టైటానియం వైట్, క్వినాక్రిడోన్ వెనక. చేతికి ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. అందుకే వార్నిష్‌కి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమనేది. తొందరగా వేస్తే వార్నిష్‌లోని సాల్వెంట్ రంగుని కరిగించి తనతో కలుపుకుంటుంది, తరువాత తీయడం సాధ్యం కాదు. మూలలో ఇయర్‌బడ్‌ని టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా తిప్పి చూడండి, దూదికి రంగు అంటితే ఇంకా టైం ఉంది. ముసురు రోజుల్లో వార్నిష్ వేయొద్దు, తేమ పట్టి పాలపొర కమ్ముతుంది.

ఆరే బొమ్మని బీరువా వెనకా, మంచం కిందా దాచకండి. చీకట్లో లిన్సీడ్ పసుపెక్కుతుంది. అలా పసుపెక్కినదాన్ని ఎండ సూటిగా పడని వెలుతురు గదిలో కొన్ని వారాలు పెడితే చాలావరకు తిరిగి తెల్లబడుతుంది. గోడకి ఆనించేటప్పుడు వెనక అంగుళం ఖాళీ ఉంచితే బూజు రాదు.

నీలిగోరింట
ఎంతో ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. కొనేది ఇలా అనుకుంటున్నా: కుంచెకట్ట గారి ఏడు ట్యూబులు, ఐదు కుంచెలు, అద్దం, నైఫ్, ఆరు ఎం.డి.ఎఫ్. ముక్కలు, జెస్సో, రిఫైన్డ్ లిన్సీడ్ 100 మి.లీ. టర్పెంటైన్ వదిలేసి కుసుమ నూనె, సబ్బు. చివరి ప్రశ్న: ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) కొనాలా?

ఓరుగల్లు_రంగులు
ఇప్పుడే వద్దు. 8×10 బోర్డుకు ఈజిల్ దేనికి? బల్ల మీద రెండు లావు పుస్తకాలు పెట్టి బోర్డుని నిలువుగ ఆనించుండ్రి. పడుకోబెట్టి మాత్రం ఎయ్యకుండ్రి, లైటు తడి రంగు మీద మెరిసి ముదురు రంగులు కానరావు.

కుంచెకట్ట
లిన్సీడ్ కూడా ఇప్పుడు ఆపేయొచ్చు నీలిగోరింట గారూ, మొదటి ఆరు బోర్డులూ ఒక్కపూట బొమ్మలే కదా. ఆ డబ్బుతో తెలుపు ఇంకో ట్యూబు తీసుకోండి.